పెరటి కోడికి ఎండ కంటే గూటి వేడే ముప్పు

* రాత్రంతా సెగలు కక్కుతున్న రాతి గూళ్లు, రేకుల షెడ్లు
* నీడ, నీరు, వేళకు మేత ఉంటే నష్టం తప్పుతుంది
* కోళ్లకూ పాదులకూ ఒకే పందిరి మేలు

రెంటచింతల: సాయంత్రం వాకిట్లో గింజలు ఏరుకుని గూట్లోకి వెళ్లిన పెట్ట తెల్లవారేసరికి కాళ్లు చాచి పడి ఉంటుంది. ఒంటిపై గాటు ఉండదు. ముందురోజు వరకు జబ్బు లక్షణమేదీ కనిపించదు. ఇంటివారు మొదట పామును అనుమానిస్తారు, తర్వాత తెగులును, చివరకు ఎవరి దిష్టో తగిలిందనుకుని ఊరుకుంటారు. పల్నాడు పల్లెల్లో ఏప్రిల్ నెలాఖరు నుంచి రోహిణి కార్తె ముగిసే వరకు ఇలా చనిపోయే పెరటి కోళ్లు ఎన్నో. చాలా సందర్భాల్లో అసలు కారణం పగటి ఎండ కూడా కాదు. పగలంతా కాగిన గూట్లోకి సూర్యాస్తమయం కాగానే కోళ్లను తోలి తలుపు బిగించడమే.

వేసవిలో రాష్ట్రంలో అధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో రెంటచింతల పేరు తరచూ వినిపిస్తుంది. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణిస్తుంది. పల్నాడు వాసులకు ఆ అంకె కొత్త కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ వేసవిలో ఫారాల్లో లక్షల సంఖ్యలో కోళ్లు చనిపోయినట్లు లెక్కలు వచ్చాయి. పెరట్లో చనిపోయిన కోళ్లను మాత్రం ఎవరూ లెక్కించలేదు. ఇంటికి నాలుగైదు చొప్పున పోయిన కోళ్లు ఏ జాబితాలోకీ ఎక్కవు.

ఆ నాలుగైదే కూలి కుటుంబానికి పెద్ద లోటు. పది కోళ్లున్న ఇంట్లో పిల్లల పుస్తకాలకో, జ్వరం మందులకో, చుట్టం వచ్చినప్పుడు కూరకో చేయి చాచకుండా గడుస్తుంది. ఆ డబ్బు చాలావరకు ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. వేసవిలో పెట్ట చనిపోతే తొలకరిలో పొదగడానికి పెట్ట ఉండదు. పిల్లలు దిగవు, సంక్రాంతి నాటికి అమ్ముకోవడానికి పుంజులు మిగలవు. మే నెలలో ఒక రాత్రి జరిగిన నష్టం ఇలా ఏడాది పొడవునా వెంటాడుతుంది.

ఒంటి వేడి ఎక్కడికి పోతుంది?

కోడికి చెమట పట్టదు. మనిషి శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలైతే కోడిది 41 నుంచి 42 డిగ్రీల వరకు ఉంటుంది. గాలి దానికంటే చల్లగా ఉన్నంతసేపు తురాయి, మెడ కింద వేలాడే ఎర్రని తోలు, కాళ్లు, ఈకలు లేని రెక్కల అడుగుభాగం నుంచి వేడి బయటకు పోతుంది. అందుకే ఎండాకాలంలో కోళ్లు రెక్కలను ఒంటికి దూరంగా పెట్టి నిలబడతాయి. గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటిన దగ్గర నుంచి నోరు తెరిచి రొప్పడం మొదలుపెడతాయి.

గాలి 44 డిగ్రీలకు చేరినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు గాలే కోడి కంటే వేడిగా ఉంటుంది. వేడి ఒంటి నుంచి గాలిలోకి పోవడానికి బదులు గాలి నుంచి ఒంట్లోకి వస్తుంది. ఆ స్థితిలో కోడికి మిగిలిన దారి రొప్పడం ఒక్కటే. నోటిలోని, శ్వాసనాళంలోని తడి ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. మట్టి కుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రం మీదనే. అయితే కుండలో నీరు ఉన్నంతవరకే చల్లదనం. కోడికి తాగడానికి నీరు దొరకకపోతే ఆవిరి కావడానికి తడి ఉండదు. శరీర ఉష్ణోగ్రత మరో నాలుగైదు డిగ్రీలు పెరిగితే ప్రాణం నిలవదు.

బరువైన కోళ్లు, గుడ్లు పెడుతున్న పెట్టలు, బాగా మేపిన పుంజులు ముందు పడిపోతాయి. బక్కపలుచని నాటుకోడి కొంత తట్టుకుంటుంది. మెడపై ఈకలు లేని రకం మరికొంత తట్టుకుంటుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటివి పెరటి పెంపకానికి ఉద్దేశించినవే. వాటిలో వనరాజా బరువు తూగే కోడి. నాటుకోళ్లతో కలిపి దానిని పెంచేవారు వేసవిలో దానిపై ఒక కన్ను వేసి ఉంచాలి.

కోడిపోరుతో ముడిపడిన పల్నాటి వీరగాథ పుట్టిన గడ్డ ఇది. పుంజు విషయంలో ఇక్కడి వారికి చెప్పవలసింది తక్కువ. పందెం పుంజుకు చెట్టు నీడ, వేళకు నీళ్లు, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం అన్నీ అమరుతాయి. ఇంటికి ఆదాయం తెచ్చే పెట్టకు మాత్రం పాత రేకు కిందనే చోటు.

రాతి గూడు చల్లబడేది అర్ధరాత్రి తర్వాతే

దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల్లో నాపరాయికి కొదవ లేదు. నాలుగు రాళ్లు నిలబెట్టి పైన ఒక బండ పరిస్తే కోళ్ల గూడు సిద్ధం. పాముకు, ముంగిసకు, పిల్లికి అది చక్కని అడ్డు. ఖర్చూ తక్కువ. వానాకాలంలో, చలికాలంలో దానికి వంక పెట్టడానికి లేదు. వేసవిలో మాత్రం ఆ రాయి పగలంతా వేడిని తాగి రాత్రి నెమ్మదిగా కక్కుతుంది. సాయంత్రం ఆరున్నరకు బయట గాలి చల్లబడినట్లు అనిపించినా గూటి లోపల చేయి పెడితే కొలిమి సెగ తగులుతుంది. అందులో పది కోళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చుంటే వాటి ఒంటి వేడి, ఊపిరి తేమ తోడవుతాయి. తేమ నిండిన గాలిలో రొప్పినా ఫలితం ఉండదు. రేకుల గూడు రాతి గూడు కంటే త్వరగా చల్లబడుతుంది కానీ మధ్యాహ్నం అంతకంటే ఎక్కువగా కాలుతుంది. మధ్యాహ్నం పిల్లికి భయపడి గంప కింద మూయడం కూడా ప్రమాదమే. గంప ఎండలోకి వచ్చిన సంగతి ఎవరూ గమనించరు. నీడ కదులుతుంది, గంప కదలదు.

కొత్త గూడు కట్టే స్తోమత లేనివారు ఉన్న గూటినే మార్చుకోవచ్చు. పైకప్పుపై జానెడు మందాన వరిగడ్డి లేదా తాటాకు పరిచి గాలికి ఎగరకుండా పైన కర్రలు, రాళ్లు పెట్టాలి. రేకు అయితే పైభాగాన చిక్కటి సున్నం పూయాలి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో సున్నానికి వెతుకులాట అక్కరలేదు. కొద్దిగా జిగురు కలిపి రెండు పూతలు వేస్తే తెల్లని రేకు ఎండను వెనక్కి కొడుతుంది. లోపలి వేడి తగ్గిన తేడా అరచేతికే తెలుస్తుంది. గూటికి రెండు ఎదురెదురు పక్కల కిందా పైనా గాలి ఆడే సందులుండాలి. తలుపు చెక్కదైతే వేసవి మూడు నెలలు దాని స్థానంలో ఇనుప జల్లెడ బిగించడం మేలు. జల్లెడ కన్ను పిల్లి పంజా, పాము తల దూరనంత చిన్నదిగా ఉండాలి. చల్లదనం కోసం, నీటి కోసం, గుడ్ల కోసం వేసవిలో పాములు గూళ్ల వద్దకే వస్తాయన్నది మరువరాదు.

ఒక గూట్లో పది కోళ్లు పడుకునే ఇంట్లో వేసవికి వాటిని రెండు చోట్లకు విడదీయాలి. కింద పరిచిన పొట్టు మందంగా ఉంటే తీసివేసి రెండు అంగుళాలకు మించకుండా కొత్తది పరచాలి. పాత పొట్టులో రెట్టలు మురిగి అవే వేడిని పుట్టిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం తలుపు మూసే వేళ. చీకటి పడగానే గూట్లోకి తోలే అలవాటు మానుకోవాలి. ముందుగా గూటి రాళ్లపై రెండు చెంబుల నీళ్లు చల్లి, తలుపు తెరిచి, లోపలి వేడి పోయాక ఏ ఎనిమిది గంటలకో మూసుకోవచ్చు. అంతవరకు కోళ్లు దడి లోపల ఆరుబయట ఉంటాయి. ఎంత తరిమినా గూట్లోకి రాకుండా వేపచెట్టెక్కి కూర్చునే కోడి ఈ ఒక్క విషయంలో యజమాని కంటే తెలివైనది.

తడి గోనె ఎక్కడ పనిచేస్తుంది?

గూటికి తడి గోనెసంచులు వేలాడదీయమని పెద్దలు చెబుతారు. అది మంచి మాటే. పల్నాడులో మధ్యాహ్నం వీచే గాలి పొడిగా ఉంటుంది. పడమటి వైపు తడి గోనె కడితే దాని గుండా వచ్చే గాలి చల్లబడుతుంది. అయితే రెండో వైపు తెరిచి ఉండాలి. నాలుగు పక్కలా తడి గోనెలు కప్పితే లోపల ఆవిరి నిండి ఉక్క పెరుగుతుంది. కోడి రొప్పు ద్వారా వేడి పోగొట్టుకునే దారీ మూసుకుపోతుంది. బాపట్ల, రేపల్లె వంటి తీర ప్రాంతాల్లో గాలిలోనే తేమ ఎక్కువ కనుక అక్కడ తడి గోనె కంటే గాలి ధారాళంగా ఆడటమే ముఖ్యం. అక్కడి బంధువులు చెప్పిన పద్ధతిని ఇక్కడ, ఇక్కడి పద్ధతిని అక్కడ గుడ్డిగా పాటిస్తే ఫలితం తారుమారవుతుంది.

సాయంత్రం గాలి తిరిగాక గోనెలను ఎత్తివేయాలి. ఎండిన గోనె గాలిని అడ్డుకోవడం తప్ప ఏ మేలూ చేయదు.

పది కోళ్లకు రోజుకు ఐదు లీటర్లు

మామూలు రోజుల్లో పెద్ద కోడి సుమారు పావు లీటరు నీరు తాగుతుంది. మండుటెండల్లో అది అర లీటరుకు చేరుతుంది, ఒక్కోసారి దాటుతుంది. అంటే పది కోళ్లున్న ఇంట్లో ఐదు లీటర్ల నీరు వాటికే కేటాయించాలి. సాగర్ కాలువలో నీరు ఆగి, బోర్లు అడుగంటి, బిందె నీటికి వరుసలో నిలబడే ఊళ్లలో ఇది చిన్న మాట కాదు. కానీ కోడి తాగే ఆ ఐదు లీటర్ల కంటే ప్రతిఫలం ఇచ్చే నీరు పెరట్లో మరొకటి లేదు.

నీరు ఉంటే చాలదు, చల్లగా ఉండాలి. వేడెక్కిన నీటిని కోడి ముక్కు ముంచి వదిలేస్తుంది. డాబాపై ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీరు చేయి కాలేంత వేడిగా ఉంటుంది. దానిని నేరుగా పోస్తే గిన్నె నిండుగా ఉన్నా కోడి దాహంతోనే ఉంటుంది. ఉదయాన్నే పట్టి నీడలో ఉంచిన మట్టి కుండ నీటినే పోయాలి. స్టీలు, ప్లాస్టిక్ గిన్నెల కంటే వెడల్పాటి మట్టి మూకుళ్లు మేలు. ఒకటి కాక మూడు నాలుగు చోట్ల, చెట్టు నీడన, కోడి కూర్చునే చోటికి దగ్గరగా పెట్టాలి. బలమైన కోడి ఒక మూకుడు దగ్గర కాపలా కాస్తే బలహీనమైనవి దాహంతో మిగిలిపోతాయి. చిన్న పిల్లలు పడి మునగకుండా మూకుడులో నాలుగు గులకరాళ్లు వేయాలి. పగలు కనీసం మూడుసార్లు నీరు మార్చాలి.

ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో లీటరు నీటిలో చెంచాడు బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి ఒక పూట ఇవ్వవచ్చు. మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొడినైనా వాడవచ్చు. ఉప్పు ఎక్కువైతే కోళ్లకు విషమవుతుంది కనుక పక్కనే మామూలు నీరూ ఉండాలి. రాత్రి గూట్లోనూ ఒక మూకుడు నీరు ఉంచడం చాలామందికి అలవాటు లేదు. ఈ మూడు నెలలైనా అలవాటు చేసుకోవాలి.

మధ్యాహ్నం మేత వద్దు

ఎండకు వాడిన కోడిని చూసి జాలితో పన్నెండింటికి గుప్పెడు జొన్నలు చల్లుతారు. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి రెండు మూడు గంటల వేళ, అంటే ఎండ నడినెత్తిన దాటిన తరుణంలో, బయటి వేడికి తోడవుతుంది. కాబట్టి నూకలు, జొన్నలు, తవుడు ముద్ద ఏదైనా ఉదయం ఐదు నుంచి ఎనిమిది లోపు ఒకసారి, సాయంత్రం ఐదున్నర తర్వాత మరోసారి పెట్టాలి. మధ్యలో ఇవ్వాలనుకుంటే దోస తొక్కలు, పుచ్చకాయ చెక్కలు, తోటకూర కాడలు వంటి నీరున్నవి చాలు. తవుడు ముద్ద ఎండకు గంటలో పులుస్తుంది. మిగిలినది తీసి పారవేయాలి.

మధ్యాహ్నం కోళ్లను పట్టడం, తరమడం, కాళ్లు కట్టి సంతకు తీసుకువెళ్లడం చేయరాదు. అప్పటికే రొప్పుతున్న కోడిని వాకిలి చుట్టూ తరిమితే పట్టుకున్న చేతిలోనే ప్రాణం విడవవచ్చు. చుట్టాలు వచ్చిన రోజు కూరకు కావలసిన కోడిని తెల్లవారుజామునే గంప కింద, నీడలో, నీళ్లు పెట్టి ఉంచుకోవాలి.

తోలు గుడ్లు, మురిగే గుడ్లు

వేసవిలో గుడ్డు పెంకు పలచబడటం, ఒక్కోసారి పెంకే లేకుండా తోలు గుడ్డు పెట్టడం సహజం. కోడి ఎడతెరిపి లేకుండా రొప్పినప్పుడు ఒంటిలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోతుంది. పెంకు తయారీకి కావలసిన ముడిసరుకు అదే. దానికి తోడు మేత తగ్గడంతో సున్నపు ధాతువు అందదు. ఆల్చిప్పల పొడి గాని, ఎండబెట్టి నూరిన గుడ్డు పెంకులు గాని విడిగా ఒక చిప్పలో పెడితే కోడి తనకు కావలసినంత తింటుంది. కాల్చని సున్నపురాయి నలగగొట్టి చిన్న పలుకులుగా పెట్టవచ్చు. బట్టీలో కాల్చిన సున్నాన్ని మాత్రం కోడికి అందుబాటులో ఉంచరాదు. అది నోటిని, పేగులను కాల్చివేస్తుంది. గూటికి పూయగా మిగిలిన సున్నపు డబ్బాకు కూడా మూత పెట్టాలి.

పొదగేసే గుడ్ల విషయంలో నష్టం మరింత ఎక్కువ. పుంజుతో తిరిగే పెట్ట పెట్టిన గుడ్డులో పిండం పొదుగు వేడికే కాక గది వేడికీ కదలడం మొదలవుతుంది. వేసవిలో ఇంట్లో ఏ మూల ఉంచినా ఆ వేడి సరిపోతుంది. సగం మొదలై ఆగిన పిండం చనిపోయి గుడ్డు మురుగుతుంది. పదిహేను గుడ్లు పొదగేస్తే నాలుగు పిల్లలే దిగాయని నిట్టూర్చేవారు గుడ్లు ఎన్నాళ్లు, ఎక్కడ దాచారో గుర్తు చేసుకోవాలి. చలికాలంలో పది రోజులు దాచినా గుడ్డు పొదుగుకు పనికివస్తుంది. వేసవిలో ఐదు రోజులు దాటితే నమ్మకం లేదు. రోజుకు రెండు మూడుసార్లు గుడ్లు ఏరి, ఇంట్లో అన్నిటికంటే చల్లని చోట వెడల్పాటి తొట్టిలో ఇసుక పోసి తడిపి, అందులో సగం వరకు పాతిన మట్టి కుండలో గుడ్లు ఉంచి పైన పలుచని తడిగుడ్డ కప్పాలి. ఇసుక ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించాలి. నీరు గుడ్లకు తగలరాదు.

మే నెలలో పొదుగు వేయకుండా ఉండటమే ఉత్తమం. పెట్ట పొదుగుకు కూర్చున్నా గుడ్లు అమ్ముకోవడమో, వండుకోవడమో లాభం. పట్టుబట్టి కూర్చునే పెట్టకు గుడ్లు తీసివేసి నాలుగైదు రోజులు గాలి ఆడే బుట్టలో ఉంచితే పొదుగు దిగుతుంది. తప్పనిసరై పొదగేసినవారు గుడ్ల సంఖ్య తగ్గించి, మట్టి నేల ఉన్న గదిలో బుట్ట పెట్టి, పెట్టకు చేరువలో నీరు ఉంచాలి. గుడ్లు వదలలేక దాహంతోనే కూర్చుండి ప్రాణం పోగొట్టుకునే పెట్టలు ఉంటాయి.

పందిరి కింద అందరికీ చోటు

పెరట్లో కూరగాయల పాదులు, కోళ్లు రెండూ ఉన్న ఇంట్లో వేసవి వచ్చిందంటే గొడవే. తడిపిన పాదులో మట్టి చల్లగా ఉంటుంది. కోడి వచ్చి అక్కడే గోకి, గుంట చేసుకుని, పొట్ట ఆనించి పడుకుంటుంది. బెండ మొక్క వేళ్లు బయటపడతాయి. ఇంటివారు కోడిని తరుముతారు, అది ఎండలో పరుగెత్తుతుంది. కోడి అక్కడికి వచ్చేది మొక్క కోసం కాదు, చల్లని మట్టి కోసం. దానికి విడిగా అటువంటి చోటు ఒకటి చూపిస్తే మొక్కల జోలికి రావడం చాలావరకు తగ్గుతుంది. గూటి పక్కన, నీడలో నాలుగు అడుగుల మేర ఇసుక, మన్ను కలిపి పోసి ఉదయం, మధ్యాహ్నం చెంబెడు నీళ్లు చల్లితే కోళ్లు పగలంతా అక్కడే పడి ఉంటాయి. పాదుల చుట్టూ కందికంపతోనో, పత్తికట్టెతోనో మోకాలెత్తు దడి కట్టడం రెండో పని. మొక్క మొదట్లో నాలుగు నాపరాయి ముక్కలు పేర్చినా కోడి గోకలేదు, కింది తడీ ఆరదు.

గూటిపైకి సొర, బీర, దొండ, తీగ బచ్చలి ఏదో ఒకటి పాకించడం పాత పద్ధతే. ఆకుల పందిరి రేకు కంటే, తాటాకు కంటే చల్లగా ఉంటుంది. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూ కింది గాలినీ చల్లబరుస్తాయి. అయితే ఏప్రిల్‌లో నాటిన తీగ మే నాటికి నీడ ఇవ్వదు. జనవరి నెలాఖరులోనో ఫిబ్రవరిలోనో విత్తు పడాలి. ఈ ఏడాదికి ఆలస్యమైనవారు పాత చీరనో, పచ్చ వలనో గుంజలపై కట్టుకుని, దాని కింద పాదులు, పక్కన మూకుళ్లు పెట్టుకోవచ్చు.

పాదులకు నీరు తెల్లవారుజామున పోయాలి. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైకే వచ్చి ఎండకు మాడతాయి. రెండు మూడు రోజులకొకసారి వేరు లోతుకు దిగేలా పోయడం మంచిది. మధ్యాహ్నం ఆకులు వాలడం చూసి కంగారుపడి నీరు పోయనక్కరలేదు. తేమ పోకుండా మొక్క చేసుకునే ఏర్పాటు అది. ఉదయం కూడా ఆకు వాలి ఉంటేనే నిజమైన దాహం. ఎండలో పడి ఉన్న రబ్బరు గొట్టంలోని మొదటి నీరు వేడిగా ఉంటుంది. దానిని పక్కకు వదిలాకే పాదుకు మళ్లించాలి.

నీరు మరీ కరువైన చోట కాల్చిన మట్టి కుండను మెడ వరకు పాదు పక్కన పాతి నీరు నింపి మూత పెట్టాలి. గోడల నుంచి ఊరే తడిని వేళ్లు నేరుగా తీసుకుంటాయి. రంగు వేసిన కుండ పనికిరాదు. మూత పెట్టకపోతే దోమలు చేరతాయి. మొదట్లో వరిగడ్డి, వేరుశనగ పొట్టు కప్పితే తడి నిలుస్తుంది. ఆ గడ్డిని కోళ్లు చెదరగొట్టకుండా పైన పాత చేపల వల పరిచి రాళ్లు పెట్టాలి. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు ఏ మొక్కకైనా పోయవచ్చు. సబ్బు కలిసిన నీటిని ఆకుకూరలకు వాడకుండా అరటి, కొబ్బరి మొదళ్లకు మళ్లించాలి.

బెండ, గోరుచిక్కుడు, వంగ, గోంగూర, తోటకూర, బచ్చలి ఈ ఎండలను తట్టుకుంటాయి. టమాటా తట్టుకోదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రులు కూడా వేడిగా ఉంటే పూత పిందె కట్టక రాలిపోతుంది. విత్తనం మంచిది కాదని మొక్క పీకివేయడం, యూరియా గుప్పించడం రెండూ తప్పే. నీడ కల్పించి మొక్కను బతికించుకుంటే వానలు పడి గాలి చల్లబడ్డాక కాపు వస్తుంది. కొత్తిమీర నీడ పట్టున మాత్రమే నిలుస్తుంది.

కోళ్ల రెట్టలు మంచి ఎరువని పచ్చిగా పాదుల్లో వేస్తే ఎండాకాలం మొక్క మాడుతుంది. చెత్త, ఎండుటాకులతో కలిపి గుంటలో మురగబెట్టి తొలకరిలో వాడుకోవాలి.

వడదెబ్బా, తెగులా?

ఎండ దెబ్బ తిన్న కోడి మెడ చాచి, కళ్లు మూసి, రెక్కలు వేలాడేసి, నేలకు ఒరిగిపోతుంది. వెంటనే నీడకు చేర్చి, కాళ్లు, పొట్ట కింది భాగం మామూలు చల్లని నీటిలో కాసేపు ముంచి ఉంచాలి. తురాయిపై తడిగుడ్డ అద్దాలి. ఐసు నీటిలో ముంచరాదు. ఒక్కసారిగా రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ లేని కోడి నోట్లో నీరు పోయరాదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకున్నాక ముక్కు దగ్గర చుక్కలుగా అందిస్తే అదే తాగుతుంది.

కొక్కెర తెగులు వేరు. అది వేసవిలోనూ విజృంభిస్తుంది కనుక తికమక కలుగుతుంది. ఎండకు చనిపోయేవి మధ్యాహ్నం నుంచి రాత్రి లోపు పోతాయి. మిగిలినవి చల్లబడగానే మామూలుగా తిరుగుతాయి. కొక్కెర సోకితే వేళతో పని లేకుండా రోజుల తరబడి ఒకటి తర్వాత ఒకటి పడిపోతాయి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనాలు, మెడ వంకర తిరగడం, గుర్రుగుర్రుమని ఊపిరి తీయడం దాని గుర్తులు. దానికి మందు లేదు, టీకా ఒక్కటే రక్ష. పిల్లలకు మొదటి వారంలో కంటిలో లేదా ముక్కులో వేసే లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద ఇచ్చే ఆర్2బి టీకా వేయించాలి. వేసవి ముదిరాక కాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఉదయం వేళ ఈ పని పూర్తి చేసుకోవాలి. ఐసు లేకుండా చేతిసంచిలో తెచ్చిన టీకా దారిలోనే చచ్చుబడుతుంది. దానిని వేయించినా వేయించనట్టే.

ఒకే రోజు ఊళ్లో పలు ఇళ్లలో కోళ్లు, కాకులు కూడా చనిపోతుంటే ఎండ అని సరిపెట్టుకోరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. అటువంటి సందర్భంలో చనిపోయిన కోళ్లను చేతితో తాకకుండా, కోసి తినకుండా, కాలువలో పారవేయకుండా గ్రామంలోని పశుసంవర్ధక సహాయకునికి వెంటనే తెలపాలి.

రోహిణి కార్తె చివరలో గాలిదుమారంతో తొలి వానలు వస్తాయి. గూటిపై పరిచిన గడ్డి, కర్రలు అప్పటికి తేలికపడి ఉంటాయి కనుక ముందే మరో రెండు బండలు ఎత్తుకోవాలి. వాన పడిన మర్నాడే తడిసిన గోనెలను దించి, గూట్లోని చెమ్మగిల్లిన పొట్టును ఎత్తి పొడిది వేయాలి. ఆ చెమ్మలోనే పిల్లలకు రక్తపు పారుడు జబ్బు మొదలవుతుంది.